పేర్లు చదువుతూ పెర్ల్ హార్బర్‌లో

శుక్రవారం

హవాయిలో హొనొలులు విమానాశ్రయమూ పెర్ల్ హార్బర్ నౌకాస్థావరమూ పక్కపక్కనే ఉంటాయి. అందుకే కిటికీ సీటు నాన్నకిచ్చాం. దిగేటప్పుడు రేవులో మునిగిన ఓడ మీద కట్టిన ఆ తెల్ల స్మారకం కనిపిస్తుందేమోనని మెడ సాచి చూస్తూనే ఉన్నారు. మబ్బు అడ్డొచ్చింది.

నాన్న ఇండియన్ నేవీలో ఇంజన్ రూమ్ మనిషి. పనిచేసింది ఎక్కువగా విశాఖలోనే, ఇల్లు గాజువాకలో. అమెరికాలో మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఏం చూపించమంటారని అడిగితే "అరిజోనా చూపించు, చాలు" అనేవారు. ఆయన అడిగింది ఆ రాష్ట్రాన్ని కాదు, ఆ పేరు పెట్టుకున్న యుద్ధనౌకని. ఈసారి అమ్మ కూడా మొండికేసింది. "మోకాళ్ళు బాగున్నప్పుడే తీసుకెళ్ళు, తర్వాత ఆయన మెట్లెక్కలేరు" అంది. శాన్ హోసే నుంచి అయిదున్నర గంటల ప్రయాణం.

దారిలో నాన్న చెప్పుకొచ్చిన సంగతులు ముందు రాస్తాను. అరిజోనా న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తయారై 1916లో నౌకాదళంలో చేరింది. పొడవు 608 అడుగులు. 1941 డిసెంబర్ 7 ఆదివారం ఉదయం ఎనిమిదికి కాస్త ముందు జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద విరుచుకుపడ్డాయి. ఎనిమిది దాటిన కాసేపటికి అరిజోనా ముందు భాగంలో, రెండో ఫిరంగి గోపురం దగ్గర పడిన బాంబు కింది మందుగుండు గదుల్ని అంటించింది. ఓడలోని 1,177 మంది చనిపోయారు. ఆ రోజు మొత్తం చనిపోయిన అమెరికన్లు 2,403 మంది అయితే, అందులో దాదాపు సగం ఈ ఒక్క ఓడవాళ్ళే. తొమ్మిది వందల మందికి పైగా ఇప్పటికీ మునిగిన ఆ ఓడలోనే ఉన్నారు.

సాయంత్రం వైకీకీ బీచ్‌లో కాసేపు నడిచాం. బాగుంది, జనం ఎక్కువ. నాన్న తొమ్మిదింటికే పడుకున్నారు.

శనివారం

ఏడున్నరకల్లా విజిటర్ సెంటర్ దగ్గరున్నాం. లోపలికి టికెట్ లేదు. స్మారకం దాకా తీసుకెళ్ళే పడవకు మాత్రం ఆన్‌లైన్‌లో ముందే స్లాట్ తీసుకోవాలి, మనిషికి 1 డాలర్. స్లాట్లు గబగబా అయిపోతాయి, కాబట్టి వెళ్దామనుకునేవాళ్ళు విమానం టికెట్ల కన్నా ముందు ఇది చూసుకోండి. హ్యాండ్‌బ్యాగులు కూడా లోపలికి రానివ్వరు. అమ్మ మందుల డబ్బా నా ప్యాంటు జేబులోకి మారింది.

గేటు దాటగానే అరిజోనా లంగరు ఉంది, బరువు దాదాపు తొమ్మిది టన్నులు. నాన్న దాని చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగారు. మ్యూజియంలో అందరూ విమానాల నమూనాల దగ్గర గుమిగూడితే, అమ్మ మాత్రం ఒక రేంజర్ చెబుతున్న మాటల దగ్గర ఆగిపోయింది. దాడి తర్వాత బతికినవాళ్ళకి ఇంటికి పంపడానికి అచ్చు వేసిన కార్డులిచ్చారట. బాగానే ఉన్నాను, ఆసుపత్రిలో చేరాను లాంటి వాక్యాలు అందులో ముందే ఉంటాయి. తమకు వర్తించనివి కొట్టేసి సంతకం పెట్టాలి, సొంతంగా ఇంకేమీ రాయకూడదు.

నేను తెలుగులో చెప్పగానే అమ్మ "మనదీ అంతేగా" అంది. ఆవిడ ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు. నాన్న పేరు, నంబరు, షిప్ పేరు, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్. షిప్ సెయిలింగ్‌లో ఉందంటే ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. నేను పుట్టిన సంగతి నాన్నకి తెలిసేసరికి నాకు పద్దెనిమిదో రోజట. ఈ ముక్క నేను ఇదివరకు విన్నదే. కానీ ఆ కార్డుల సంగతి విన్నాక అమ్మ నోట వింటే వేరేగా ఉంది.

పడవ నడిపేది నేవీ కుర్రాళ్ళే. ఎక్కేటప్పుడు చెయ్యి అందించిన అబ్బాయికి ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. "ఐ వాజ్ ఎ సెయిలర్, ఇండియన్ నేవీ, ఇంజన్ రూమ్" అన్నారు నాన్న. ఆ అబ్బాయి చటుక్కున నిటారుగా నిలబడి, "వెల్కమ్ అబోర్డ్, సర్" అని చెయ్యి కలిపాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాన్న ఎదుటివాళ్ళని సర్ అన్నవారే.

స్మారకం 184 అడుగుల తెల్ల వంతెన, రెండు కొసలా పైకి లేచి నడుమ కుంగి ఉంటుంది. మునిగిన ఓడకి అడ్డంగా నిలబడుతుంది గానీ ఓడని ఎక్కడా తాకదు. రూపకల్పన చేసిన ఆల్ఫ్రెడ్ ప్రైస్ ఆస్ట్రియాలో పుట్టినవాడు. దాడి జరిగాక శత్రుదేశం మనిషివని ఆయన్నే నిర్బంధించారు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే మనిషి గీసిన నమూనా మీద 1962లో ఇది తెరుచుకుంది. దీనికి డబ్బు కూడగట్టడానికి 1961లో ఎల్విస్ ప్రెస్లీ ఇక్కడి బ్లాక్ అరీనాలో కచేరీ చేశాడు. దాడికి ముందు రోజు రాత్రి అరిజోనా బ్యాండువాళ్ళు ఇతర ఓడల బ్యాండ్ల పోటీ చూడ్డానికి వెళ్ళిందీ అదే హాలుకి. తెల్లారేసరికి ఆ బ్యాండులో ఒక్కరూ మిగల్లేదు. తర్వాత మిగతా బ్యాండ్లవాళ్ళు ఆ పోటీ ట్రోఫీని అరిజోనా బ్యాండుకే ఇచ్చేశారు.

గట్టు మీంచి కిందికి చూస్తే తుప్పుపట్టిన ఇనుము, దాని మీద పాచి, చిన్న చేపలు. మూడో ఫిరంగి గోపురం కూర్చున్న గుండ్రటి చట్రం నీటిపైకి తేలి ఉంది. అంతలో అడుగు నుంచి ఒక నల్ల చుక్క పైకొచ్చింది. నీటి మీద పగిలి, రంగురంగుల పొరలా అరచేయంత వెడల్పున పరుచుకుని, అలతో పాటు సాగిపోయింది. కాసేపటికి ఇంకోటి. నాన్న గట్టు మీదికి వంగి గాలి పీల్చారు.

"ఎఫ్.ఎఫ్.ఓ. అమ్మా ఇది. ఫర్నేస్ ఆయిల్. మా స్టీమ్ షిప్పుల్లో కొట్టిన వాసనే. ఓవరాల్ మీద పడితే మూడు ఉతుకులు ఉతికినా పోయేది కాదు."

"మూడేంటండీ, ఎప్పటికీ పోయేది కాదు. మీరు ఉతికితేగా తెలిసేది" అంది అమ్మ.

ఎనభై ఏళ్ళు దాటినా ఓడలోంచి రోజుకి ఎనిమిది తొమ్మిది లీటర్ల దాకా చమురు ఊరుతూనే ఉంది. ఇవి ఓడ కన్నీళ్ళనీ, బతికినవాళ్ళలో ఆఖరి మనిషి పోయిన రోజున ఆగుతాయనీ ఒక నమ్మకం ఉండేది. ఆఖరి మనిషి లూ కాంటర్ 2024 ఏప్రిల్‌లో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. చమురు ఇంకా వస్తూనే ఉంది.

లోపలి గదిలో గోడంతా పాలరాయి, దాని మీద 1,177 పేర్లు. అమ్మకి ఇంగ్లీషు పెద్దగా రాదు, అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. వరసలు చూస్తూ నా మోచెయ్యి పట్టుకుని, "ఇదిగో ఈ ఇంటిపేరు రెండుసార్లుంది. ఇదిగో, ఇది కూడా" అంది. అందులో కొందరు అన్నదమ్ములే. ముప్పైకి పైగా కుటుంబాల నుంచి అన్నదమ్ములు ఈ ఒక్క ఓడలోనే పనిచేసేవారు. ఒక తండ్రీ కొడుకూ కూడా ఉన్నారు, ఇద్దరూ పోయారు. ఎన్ని ఇళ్ళకి ఒకే రోజు రెండేసి టెలిగ్రాములు వెళ్ళి ఉంటాయో అమ్మే ముందు ఊహించింది, నేను కాదు.

గోడ ముందు విడిగా మరికొన్ని పేర్లున్నాయి. ఆ రోజు బతికి, ముసలివాళ్ళయ్యాక పోయి, తిరిగి ఈ ఓడకే వచ్చినవాళ్ళవి. 1982 నుంచి అరిజోనా సిబ్బందికి ఆ అవకాశం ఉంది. కుటుంబం అస్థికల పాత్రని ఇక్కడికి తెస్తుంది, గజఈతగాళ్ళు దాన్ని తీసుకుని నీళ్ళలోకి దిగి నాలుగో ఫిరంగి గోపురం లోపల ఉంచుతారు. అలా నలభై మందికి పైగా వచ్చారు. చివరివాడు లారెన్ బ్రూనర్, 2019 డిసెంబర్ 7న. అందరూ అలా కోరుకోలేదు. డోనాల్డ్ స్ట్రాటన్ సొంత ఊరు నెబ్రాస్కాకే వెళ్ళిపోయారు. కాంటర్ కాలిఫోర్నియాలో భార్య పక్కన ఉంటానన్నారు.

"అదీ న్యాయమే" అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు.

బ్రూనర్, స్ట్రాటన్‌ల పేర్లు వచ్చాయి గనక జో జార్జ్ సంగతి చెప్పాలి. నా మటుకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద కథ ఇదే. పేలుడప్పుడు అరిజోనా ముందు స్తంభం మీది వేదికలో ఆరుగురు ఒళ్ళంతా కాలి చిక్కుకుపోయారు. కింద నీళ్ళ మీద చమురు మండుతోంది. పక్కనే కట్టి ఉన్న మరమ్మతుల ఓడ వెస్టల్, తాళ్ళు కోసుకుని దూరం జరగాలని పై నుంచి ఆజ్ఞ. ఆ ఓడలోని నావికుడు జో జార్జ్ మాత్రం ఈ ఆరుగురినీ చూసి తాడు విసిరాడు. చేతుల చర్మం ఊడిపోతున్నా ఆ ఆరుగురూ దాదాపు 70 అడుగులు ఆ తాడు పట్టుకుని ఒక్కొక్క చెయ్యీ మార్చుకుంటూ అవతలికి చేరారు.

"హీవింగ్ లైన్ విసరడం ఆషామాషీ కాదు. గాలి, పొగ, అవతలివాడి చేతులు కాలిపోయి ఉన్నాయి. గురి తప్పితే మళ్ళీ చుట్టుకుని విసరాలి, అంత టైమెక్కడిది" అన్నారు నాన్న. చెబుతూనే కుడిచెయ్యి వెనక్కి తీసి విసిరినట్టు చూపించారు.

ఆజ్ఞ దాటినవాడికి పతకం రాలేదు. జార్జ్ 1996లో పోయాడు. స్ట్రాటన్ ఒంటి మీద మూడింట రెండు వంతుల చర్మం కాలి, కోలుకుని, మళ్ళీ నేవీలో చేరి యుద్ధానికి వెళ్ళినవాడు. ఆయనా బ్రూనరూ తొంభై దాటిన వయసులో కూడా తమని కాపాడినవాడికి గుర్తింపు ఇవ్వండని అడుగుతూనే ఉన్నారు. చివరికి 2017 డిసెంబర్ 7న బ్రాంజ్ స్టార్ పతకాన్ని ఇదే స్మారకం మీద జార్జ్ కూతురి చేతికిచ్చారు. దాడి జరిగి అప్పటికి 76 ఏళ్ళు.

మధ్యాహ్నం పక్కనే ఉన్న బోఫిన్ సబ్‌మెరైన్ చూశాం. ఆర్కే బీచ్‌లో కురుసుర చూసినవాళ్ళకి లోపలి ఇరుకు కొత్త కాదు. అక్కడ నాన్న చెప్పేదాకా నాకు తెలియని సంగతి ఒకటుంది. 1971 యుద్ధంలో విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ పుట్టుకతో అమెరికాది. అసలు పేరు డయాబ్లో. 1945 జూలైలో ఇదే పెర్ల్ హార్బర్‌కి వచ్చి, ఇక్కణ్ణించే బయల్దేరింది. అరవైల్లో పాకిస్తాన్ చేతికి వెళ్ళింది. తొంభై మందికి పైగా మనుషులతో మన రేవు ముందు అడుగున పడి ఉంది. బీచ్‌లో ఆ యుద్ధ విజయానికి కట్టిన "విక్టరీ ఎట్ సీ" స్తూపం దగ్గర బఠాణీలు తింటూ పెరిగినదాన్ని. ఆ లోపలి మనుషుల గురించి నేనెన్నడూ ఆలోచించలేదు.

ఆదివారం

మిస్సోరి యుద్ధనౌక ఫోర్డ్ ఐలాండ్‌లో ఉంది. సొంత కార్లు వెళ్ళనివ్వరు, విజిటర్ సెంటర్ నుంచి బస్సు ఉంటుంది.

బస్సు దిగగానే ముందు ఓక్లహోమా యుద్ధనౌక స్మారకం. తెల్ల పాలరాతి కంబాలు, నావికులు ఓడ అంచున వరసగా నిలబడినట్టు. మొత్తం 429, పోయినవాళ్ళు ఎందరో అన్ని. ఒక్కోదాని మీదా ఒక్కో పేరు. అదే దాడిలో టార్పెడోలు తగిలి ఆ ఓడ నిమిషాల్లో బోర్లా పడిపోయింది. లోపల చిక్కుకున్నవాళ్ళు ఇనుము మీద కొడుతున్న చప్పుడు బయటికి వినిపించింది. జూలియో డికాస్ట్రో అనే షిప్‌యార్డు కార్మికుడూ ఆయన మనుషులూ ఓడ అడుగుభాగాన్ని కోసి 32 మందిని బయటికి తీశారు.

నాన్న కంబాల మధ్య చాలాసేపు నిలబడిపోయారు. "ఇంజన్ రూమ్‌లో పనిచేసేవాడికి ఉండే భయం ఇదొక్కటే. పైన ఏం జరుగుతోందో తెలీదు, షిప్ ఒరగడం మాత్రం కాళ్ళకి తెలుస్తుంది" అన్నారు. పాతికేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి ఈ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

మిస్సోరి చాలా పెద్దది. 887 అడుగులు, తొమ్మిది ఫిరంగులు, వాటి గుండ్లలో బరువైనవి వెయ్యి కిలోల పైమాటే. 1945 సెప్టెంబర్ 2న టోక్యో అఖాతంలో జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకాలు జరిగింది ఈ ఓడ మీదే. ఆ తంతు మొత్తం 23 నిమిషాలు. సంతకాలకి తెచ్చిన నాజూకు బల్ల పత్రాలకి చాలకపోతే, నావికులు భోంచేసే మెస్ బల్ల ఒకటి పట్టుకొచ్చి ఆకుపచ్చ గుడ్డ పరిచారు. నాన్నకి ఇది భలే నచ్చింది. ఆ చోటు డెక్కు మీద గుండ్రటి ఇత్తడి ఫలకంతో గుర్తుపెట్టారు, అందరూ ఫోటోలు దిగేది అక్కడే.

ఓడ కుడి పక్కన ఉక్కు అంచు లోపలికి చొట్టపోయి ఉంది. మా గైడ్ అక్కడే ఎక్కువసేపు ఆగాడు. 1945 ఏప్రిల్ 11న ఒకినావా దగ్గర ఆత్మాహుతి విమానం వచ్చి గుద్దుకున్న చోటది. ఓడవాళ్ళెవరూ పోలేదు. పైలట్ శరీరం డెక్కు మీద పడింది. నీళ్ళ గొట్టంతో కడిగి సముద్రంలోకి తోసేద్దామనుకున్నవాళ్ళు ఉన్నారు. కెప్టెన్ విలియం కాలహాన్ ఒప్పుకోలేదు. అతను తన పని తాను చేశాడు, సాటి నావికుడికి చేసే మర్యాదే చేద్దామన్నాడు. రాత్రికి రాత్రి నావికులు గుడ్డలు వెతికి జపాన్ జెండా కుట్టారు. మర్నాడు ఆ జెండా కప్పి, తుపాకులు గాల్లోకి పేల్చి, సముద్రుడికి అప్పగించారు. అప్పటికి రెండున్నరేళ్ళ కిందటే గ్వాడల్‌కనాల్ దీవి దగ్గర జపాన్ ఓడల కాల్పుల్లో ఆ కెప్టెన్ సొంత అన్న, అడ్మిరల్ డేనియల్ కాలహాన్, చనిపోయాడు.

అన్న పోయిన మనిషి చేసిన పని అది. ఒప్పుకోనివాళ్ళు ఓడలో చాలామందే ఉన్నారని గైడ్ అన్నాడు, వాళ్ళనీ నేను తప్పుపట్టను. కానీ ఆ చొట్ట ముందు నిలబడితే ఆ కెప్టెన్ వైపే మనసు వెళ్తుంది.

"ఘాజీలో పోయినవాళ్ళకీ ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఎదురుచూసే ఉంటారు కదండీ" అంది అమ్మ.

"ఉండకుండా ఎలా ఉంటారు. మేం డిసెంబర్‌లో నేవీ డే పండగ చేసుకుంటాం, చేసుకోవాలి కూడా. కానీ ఆ చోటు మీంచి షిప్ వెళ్ళేటప్పుడు మా సీనియర్ ఒకాయన మాట్లాడటం ఆపేసేవాడు" అన్నారు నాన్న.

తర్వాత గైడ్‌తో కింది ఇంజన్ రూముల్లోకి దిగాం. నిలువు నిచ్చెనలు చూసి అమ్మ పైనే ఉండిపోయింది. ఎనిమిది బాయిలర్లు, నాలుగు ప్రొపెల్లర్ షాఫ్టులు. వాటి మధ్య ఓడ పొడవునా సాగే నడవాకి బ్రాడ్‌వే అని పేరు. నాన్న ఒక్కో వాల్వు దగ్గర ఆగి ఇది ఫలానా అని నాకు చెబుతుంటే గైడ్ తన మాట ఆపి వినడం మొదలుపెట్టాడు. పైకొచ్చాక మోకాళ్ళు నొప్పులంటూ కూర్చున్నారు గానీ ముఖం వెలిగిపోతోంది.

దీవికి అవతలి ఒడ్డున యూటా ఓడ ఉంది. ఆ రోజు మునిగి, లేపలేక వదిలేశారు. అది స్థావరం లోపలి భాగం, మామూలు సందర్శకులు వెళ్ళడానికి లేదు. ఆ ఓడలో పోయిన 58 మందితో పాటు ఒక పసిపాప కూడా ఉంది. అందులో పనిచేసే ఒక ఉద్యోగికి కవల ఆడపిల్లలు పుడితే, ఒక పాప రెండు రోజులకే పోయింది. ఈసారి సెయిలింగ్‌కి వెళ్ళినప్పుడు సముద్రంలో కలుపుదామని ఆ బూడిద పాత్రని తన లాకర్లో పెట్టుకున్నాడు. అంతలో డిసెంబర్ 7 వచ్చింది. ఆయన బయటపడ్డాడు, పాత్ర లోపలే ఉండిపోయింది. రెండో పాప పెద్దదై, నడివయసు దాటాక ఇక్కడికి వచ్చి తన తోబుట్టువుకి స్మరణ జరిపించింది. అమ్మ ఆ కవల గురించి బస్సులో రెండుసార్లు అడిగింది.

సోమవారం

రాత్రికి విమానం. పొద్దున్నే పంచ్‌బౌల్ వెళ్ళాం. చల్లారిన అగ్నిపర్వతం నోట్లో పచ్చిక, అందులో సైనికుల సమాధులు. రాళ్ళు నిలువుగా ఉండవు, నేలకి సమంగా పరిచి ఉంటాయి. వంగితే గానీ పేరు కనబడదు. కొన్నిటి మీద పేరే లేదు, గుర్తు తెలియదని చెక్కి 1941 డిసెంబర్ 7 అని తేదీ.

ఓక్లహోమా నుంచి ఆలస్యంగా బయటికి తీసినవాళ్ళలో చాలామంది ఎవరో పోల్చలేక ఎముకలన్నీ కలిపి ఇక్కడ పాతిపెట్టారు. దశాబ్దాల తరబడి అంతే. ఈ స్థితిని కదిలించింది రే ఎమరీ అనే మాజీ నావికుడు. దాడి రోజున హొనొలులు అనే క్రూయిజర్ మీద ఉన్నవాడు. ఉద్యోగం మానేశాక పాత రికార్డులు తిరగేస్తూ ఏ గోతిలో ఎవరుండవచ్చో లెక్కలు కట్టి, అధికారుల వెంటపడ్డాడు. వందకు పైగా పేరులేని రాళ్ళ మీద కనీసం ఓడ పేరైనా చెక్కించాడు. 2015లో ప్రభుత్వం ఓక్లహోమా సమాధులన్నీ తవ్వించింది. బంధువుల డీఎన్ఏతో పోల్చి చూసి 350 మందికి పైగా పేర్లు తేల్చారు. ఎనభై ఏళ్ళ తర్వాత మేనల్లుళ్ళూ మనవలూ విమానాశ్రయాలకి వెళ్ళి, తాము ఫోటోలో తప్ప చూడని మనిషిని ఊరికి తెచ్చుకున్నారు. ఎమరీ 2018లో ఊరు విడిచి వెళ్ళేటప్పుడు, పాత ఓడ ఆగిన రేవు చూడాలని వస్తే, అయిదు వందల మంది నావికులు వరసలో నిలబడి వందనం చేశారు. ఆ ఏడే ఆయన పోయారు.

కొండ పైభాగంలో, ఆచూకీ దొరకనివాళ్ళ పేర్లు చెక్కిన గోడలున్నాయి. ఎవరిదైనా ఆచూకీ తేలితే పేరు పక్కన చిన్న కంచు పువ్వు బిగిస్తారు. నాణెమంత ఉంటుంది. అమ్మ ఒకదాని మీద వేలు పెట్టి, "అంటే ఈ అబ్బాయి ఇంటికెళ్ళాడన్నమాట" అంది. అక్కణ్ణించి మేం పేర్లు వదిలేసి పువ్వులే వెతుక్కుంటూ నడిచాం.

ఫిరంగుల పొడవులూ టన్నుల లెక్కలూ ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు. ఇక్కడ నేను చూసింది వేరు. ప్రతి పేరు వెనకా ఎవరో ఒకరు పట్టుబట్టి ఉన్నారు. తాడు విసిరినవాడి కోసం ఆ ఇద్దరు, గుర్తు తెలియని ఎముకల కోసం ఎమరీ, శత్రువు కుర్రాడి కోసం ఆ కెప్టెన్. ప్రభుత్వాలు చేశాయంటే వీళ్ళు అడిగి అడిగి చేయించినవే.

విమానం ఎక్కి బెల్టు పెట్టుకోగానే నాన్న, "అమ్మా, నీ ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యొచ్చా?" అన్నారు. మొదటి షిప్‌లో తనతో పాటు ఇంజన్ రూమ్‌లో ఉన్నవాళ్ళ పేర్లు రాయించాలట. ఊరు, పని, ఇప్పుడున్నారా లేరా అన్నీ కావాలన్నారు. మూడో పేరు దగ్గరే ఆయనది ఆముదాలవలస అని నాన్న, కాదు పలాస, వాళ్ళావిడ మన ఇంటికి జీడిపప్పు తెచ్చేదని అమ్మ. వాదన తెగలేదు. రెండూ రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, నాలుగో పేరు అడిగాను.